స్విచ్‌లో ట్రాఫిక్ కంట్రోల్: ఎవరు ముందు, ఎంత మేరకు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సిగ్నల్స్ వాణ్ణి గనుక నెట్‌వర్క్ మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. సైన్యం నెట్‌వర్కుల సంగతి నేను చెప్పను, మీరూ అడగరు. ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో ఉండే మామూలు స్విచ్ గురించి చెబుతాను. రిటైరయ్యాక మనవాళ్లలో కొందరికి ఆ పనే దొరుకుతుంది.

ఆఫీసు లోపల ఒక్కో పోర్టు 1000 మెగాబిట్లు, బయటికి పోయే లైను 10 మెగాబిట్లు అనుకుందాం. ఎవరో ఒకరు పెద్ద బ్యాకప్ మొదలుపెట్టగానే ఫోన్లో మాట ముక్కలవుతుంది. ఎందుకో లెక్క చూడండి. 1500 బైట్ల ప్యాకెట్ ఆ లైను దాటడానికి 1.2 మిల్లీసెకన్లు పడుతుంది. ముందు అలాంటివి 100 నిలబడి ఉంటే మాట 120 మిల్లీసెకన్లు ఆగాలి. మాట అవతలి వాడికి 150 మిల్లీసెకన్లలోపు చేరితే మంచిదని ఐటీయూ సిఫారసు. అందులో చాలా భాగం ఈ ఒక్క క్యూలోనే పోయింది!

దీనికి మందు మనకు కొత్తది కాదు. ఫ్లాష్, ఇమ్మీడియట్, ప్రయారిటీ, రొటీన్ అనే మాటలు మనకు తెలుసు. 1981లో వచ్చిన ఐపీ ప్రమాణంలో ప్యాకెట్ తల మీద ఈ పేర్లతోనే ప్రాధాన్యం రాసే చోటు పెట్టారు. 1998లో దాన్ని మార్చి 6 బిట్ల డీఎస్‌సీపీ ముద్ర చేశారు. 0 నుంచి 63 వరకు అంకెలు. మామూలు ట్రాఫిక్‌కు 0, మాటకు 46 వేయడం వాడుక.

ఈ ముద్ర ఎవరు వేయాలి అన్నదే అసలు ప్రశ్న. కంప్యూటర్ తనంతట తాను 46 వేసుకుని రాగలదు. అందుకని మొదటి స్విచ్ పోర్టు దగ్గరే తనిఖీ జరగాలి. ఫోన్ ముద్రను నమ్మాలి, కంప్యూటర్ ముద్రను 0 చేయాలి. సిస్కో కేటలిస్ట్ 2960, 3750 రకాల్లో ఒక మెలిక ఉంది. క్యూఓఎస్ ఆన్ చేయగానే అవి ఏ పోర్టునూ నమ్మవు, వచ్చిన ముద్రలన్నీ 0 చేస్తాయి. ఫోన్ పోర్టులను నమ్మమని విడిగా చెప్పాలి.

నేను చూసిన ఒక సంస్థలో పెద్ద ఆఫీసర్ల గదుల నుంచి వచ్చే ప్రతి ప్యాకెట్‌కూ 46 వేయించారు. ఆ గదిలో సినిమా దించుకున్నా అది ముందు పోయేది. గేటు దగ్గర రాత్రి డ్యూటీ గార్డు ఫోన్ మాత్రం మధ్యలో తెగేది. ఆపదలో మొదట మోగాల్సింది ఆ గార్డు ఫోనే కదా! హోదా మనిషిది, ముద్ర పనిది. అందరి సందేశాలూ ఫ్లాష్ అయితే ఏదీ ఫ్లాష్ కాదు.

రెండో పని హద్దు పెట్టడం. ముందు పోయే క్యూకు హద్దు లేకపోతే మిగతావాళ్లకు దారే దొరకదు. కాలువ మొదట్లో తూము బార్లా తెరిస్తే చివరి ఆయకట్టు ఎండుతుంది, అంతే. జీ.711 కాల్ ఒకటి ఈథర్నెట్ మీద ఒక్కో దిశలో సుమారు 87 కిలోబిట్లు తీసుకుంటుంది. 20 కాల్స్‌కు 1.75 మెగాబిట్లు. కనుక మాటకు 2 మెగాబిట్లు ఇస్తే చాలు. బ్యాకప్‌కు పగలు 3 మెగాబిట్లు, రాత్రి వదిలేయండి.

హద్దును స్విచ్ ఒక తొట్టిలాగా లెక్క కడుతుంది. నిర్ణీత వేగంతో తొట్టిలో టోకెన్లు పడుతుంటాయి. ప్యాకెట్ తన సైజుకు తగ్గ టోకెన్లు తీసుకుని పోతుంది, లేకపోతే దాన్ని పారేస్తారు. తొట్టి మరీ చిన్నదైతే రెండు మూడు ప్యాకెట్లు ఒక్కసారి రాగానే ఖాళీ అవుతుంది. పారేసినప్పుడల్లా పంపేవాడు వేగం తగ్గించుకుంటాడు. 3 మెగాబిట్లు ఇచ్చినా అంత అందదు. ఇంకో జాగ్రత్త, ఆ స్విచ్‌లలో వేగం బిట్లలో, తొట్టి బైట్లలో రాయాలి. 8 రెట్ల తేడా!

కాన్ఫిగర్ చేసి చేతులు దులుపుకోకండి. లైను నిండుగా ఉన్న వేళ గేటు నుంచి ఒక కాల్ చేసి వినండి. ఏ క్యూలో ఎన్ని ప్యాకెట్లు పడిపోయాయో కౌంటర్లు చూడండి. ఎవరికి ఎంత ఇచ్చారో, ఎందుకిచ్చారో రిజిస్టర్‌లో రాసిపెట్టండి. మన తర్వాత డ్యూటీకి వచ్చేవాడికి అదే హ్యాండింగ్ ఓవర్.