అంకెకు కట్టిన వెల

(తెలుగు ఉపాధ్యాయుల సమావేశమున గావించిన ప్రసంగ పాఠము)



బహుమానము నాశించి కష్టపడువారు లోకమున నున్నారు. ఆ బహుమానము నాశించియే మోసమునకు దిగువారును ఉన్నారు. ఈ యిరువురును వేఱువేఱు జాతులవారని మనము తలంచుచుందుము. కాని చరిత్రను పరిశీలించినచో, పెక్కు సందర్భములలో ఆ యిరువురును ఒక్క మనిషియే యని తేలుచున్నది. నిన్నటివఱకు నిజాయితీగా బ్రదికినవానిని, వాని పనికి వెలకట్టిన విధానమే పెడదారి పట్టించినది. ఇందుకు మూడు నిదర్శనములను మీ ముందుంచి, పిమ్మట మన పాఠశాలల హాజరుపట్టీల సంగతికి వత్తును.

మొదటిది హనోయి నగరమున జరిగినది. 1902వ సంవత్సరమున ఆ నగరము ఫ్రెంచివారి పాలనలో నుండెను. వారు నిర్మించిన మురుగుకాలువలలో ఎలుకలు ప్రబలి, ప్లేగు భయము పుట్టినది. ఎలుకను చంపి తోక తెచ్చి చూపినవారికి, తోక కొక సెంటు చొప్పున నిత్తుమని పాలకులు చాటించిరి. తోకలు వేలకొలది వచ్చిపడినవి. కాని కొలది కాలమునకే, తోకలేని ఎలుకలు వీధులలో పరుగులిడుట అధికారుల కంటబడినది! పట్టినవారు తోకను మాత్రము కోసికొని, ఎలుక మరల పిల్లలను పెట్టవలెనని విడిచిపెట్టుచుండిరి. కొందఱు ఊరి వెలుపల ఎలుకలనే పెంచసాగిరి. తుదకు బహుమానము రద్దయినది. పాలకులు కోరినది ఎలుకల నాశనము. వారు వెలకట్టినది తోకకు. బీదలు తమకు చూపిన వెలనుబట్టి నడచుకొనిరి, అంతియే.

రెండవది మన వృత్తికి చెందినది. 1862లో ఇంగ్లండున రాబర్ట్ లో అను విద్యాధికారి ప్రాథమిక పాఠశాలలకు ఫలితములనుబట్టి గ్రాంటు నిచ్చు పద్ధతిని ప్రవేశపెట్టెను. పిల్లవాని హాజరునకు 4 షిల్లింగులు. పరీక్షకు 8 షిల్లింగులు. చదువు, వ్రాత, లెక్కలలో ఏ యొక్కదానిలో తప్పినను 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత. అనేక చోట్ల ఉపాధ్యాయుని జీతము ఈ గ్రాంటు మీదనే ఆధారపడియుండెను. ఇన్స్పెక్టరు వచ్చు దినమే సంవత్సరమంతటికి పండుగయు, గండమును అయినది. పిల్లలచే వాచకమును మొదటినుండి తుదివఱకు కంఠస్థము చేయించిరి. అక్షరములు గుర్తింపలేని బాలుడు కూడ పుస్తకము చేతబట్టుకొని గడగడ చదివెడివాడు. ప్రసిద్ధ కవియు, స్వయముగ పాఠశాలల ఇన్స్పెక్టరును అయిన మాథ్యూ ఆర్నాల్డ్, నిజముగ చదువు రాకున్నను పిల్లలను ఈ పరీక్షనుండి గట్టెక్కింపవచ్చునని తన నివేదికలలో ఎత్తిచూపెను. ఆ పద్ధతి 1890వ దశకమున అంతరించినది. మన మద్రాసు రాజధానిలోను 19వ శతాబ్ది ఉత్తరార్ధమున ఇట్టి ఫలితముల గ్రాంటు అమలులో నుండెను. పరీక్షలో నెగ్గిన పిల్లల లెక్కనుబట్టి బడికి సొమ్ము వచ్చెడిది. కనుక ఇది పరాయి కథ కాదు.

మూడవది ఈ శతాబ్దమునకు చెందినది. అమెరికాలోని అట్లాంటా నగర పాఠశాలలలో మార్కులు ఏటేట పెరుగవలెనని లక్ష్యములు విధింపబడినవి. లక్ష్యము నందిన పాఠశాలలకు బహుమతి; అందని ప్రధానోపాధ్యాయునకు ఉద్యోగ భయము. 2009 నాటి పరీక్షాపత్రములను పరిశీలింపగా, తప్పు జవాబులను చెఱిపి ఒప్పు జవాబులుగ దిద్దిన గుఱుతులు అసాధారణముగ కానవచ్చినవి. 2011లో రాష్ట్ర విచారణాధికారులు తాము పరిశీలించిన 56 పాఠశాలలలో 44 చోట్ల మోసము జరిగినదని, 178 మంది ఉపాధ్యాయులు, ప్రధానోపాధ్యాయులు ఇందు పాల్గొనిరని నివేదించిరి. వారిలో 82 మంది తప్పు నొప్పుకొనిరి. 2015లో 12 మందిపై విచారణ ముగియగా 11 మందికి నేరము స్థిరపడినది. వీరెవ్వరును వృత్తిచే నేరస్థులు కారు, బడిపంతుళ్లు. అన్నిటికంటె శోచనీయమైన విషయ మొకటి కలదు. దిద్దిన మార్కులవలన వెనుకబడిన పిల్లలు తెలివిగలవారుగ లెక్కకు వచ్చిరి. వారికి రావలసిన ప్రత్యేక బోధన రాకపోయినది. పంతులు దాచిన తప్పునకు శిక్ష పిల్లవాడు అనుభవించెను.

అట్లని అందఱును మోసగాండ్రని నేననను. చికాగో పాఠశాలల లెక్కలను శోధించి ఇరువురు ఆర్థికశాస్త్రజ్ఞులు 2003లో ప్రకటించిన దానినిబట్టి, ఏటేట నూటికి నాలుగైదు తరగతులలో గట్టి మోసము జరిగెను. అనగా అత్యధికులు నిలబడిరి. కాని బహుమానమును, భయమును కొంచెము హెచ్చించినంతనే మోసమును హెచ్చెనని వారే చూపిరి. సామాజిక విషయములలో ఏ అంకెను నిర్ణయములకు ఎక్కువగ ఆధారము చేసికొందుమో, ఆ అంకెయే అంత ఎక్కువగ చెడునని డోనాల్డ్ క్యాంబెల్ అను శాస్త్రజ్ఞుడు 1976లోనే హెచ్చరించియుండెను.

ఇక మన యింటి సంగతి. 1949లో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము ఒక మేలైన నిర్ణయము గావించెను. పాఠశాల మొత్తమున 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఒక మాతృభాషవారున్నచో, వారికి ఆ భాషలో చదువు చెప్పుటకు ఉపాధ్యాయుని నియమింపవలెనన్నది దాని సారాంశము. అల్పసంఖ్యాకులకు అది కవచము వంటిది. కాని పది అన్న అంకె గీత గీసినట్లున్నది. తరగతిలో తొమ్మండుగురు మిగిలినారనుకొనుడు. పదవ పేరు లేనిచో పంతులు కొలువు పోవును, తెలుగు చదువు నిలిచిపోవును. ఎదుట హాజరుపట్టీ, చేతిలో కలము. ఊరు విడిచి వెళ్లిన బాలుని పేరు ఇంకను కొట్టివేయలేదు. ఆ పేరునకు ఎదుట ఒక్క గీత గీసిన ఏమి?

మిత్రులారా! ఈ ప్రలోభము ఎలుక తోకకు వచ్చు సెంటు వంటిది కాదు, అంతకంటె బలమైనది. ఏలయన ఇందు స్వార్థము భాషాభిమానపు వేషమున వచ్చును. సొమ్ము కొఱకు తప్పు చేయువానిని మనస్సాక్షి నిలదీయును. మాతృభాష కొఱకు తప్పు చేయువానిని ఆ మనస్సాక్షియే వీపు తట్టి పంపును. అందుచే మనము మఱింత మెలకువగ నుండవలెను.

ఆ పదవ పేరువలన వచ్చు నష్టము రెండు విధములు. మొదటిది, ఇన్స్పెక్టరు లెక్క సరిచూచిన నాడు పదవ పేరుతో పాటు నిజమైన తొమ్మిది పేర్లును అనుమానాస్పదము లగును. ఒక్క బడిలో దొరకిన అబద్ధమునకు జిల్లాలోని తెలుగు బడులన్నియు సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చును. రెండవది ఇంకను లోతైనది. తొమ్మిది అన్న అంకె మనకొక వార్త తెచ్చుచున్నది. ఏదో ఒక వీధిలో, ఏదో ఒక తెలుగింట తల్లిదండ్రులు తమ బిడ్డను వేఱు మాధ్యమమున చేర్చిరన్నదే ఆ వార్త. పట్టీలో పది యని వ్రాసినచో ఆ వార్త మనకందదు. ఆ యింటికి మన మెవ్వరమును పోము. మఱుసటి ఏట ఎనిమిదగును, ఆ మీదట అయిదగును. పట్టీలో మాత్రము పది పదిగనే యుండును. జ్వరము చూచు గొట్టమును చన్నీట ముంచి రోగి కుదుటబడినాడని సంతసించుట వంటిది ఇది.

కావున నా మనవి యిది. సంఘము ఏడాదికి మూడుమార్లు ప్రతి తెలుగు తరగతిలోని పిల్లలను తానే స్వయముగ లెక్కింపవలెను. ఆ భారమును, ఆ ప్రలోభమును పంతులొక్కనిపై విడువరాదు. తన కొలువును నిలుపు అంకెను తానే వ్రాయవలసిన స్థితిలో ఏ మంచి మనిషిని నిలుపుటయు ధర్మము కాదు. తొమ్మిది యున్నచోట తొమ్మిదియనియే వ్రాసి, సడలింపు కోరుచు విజ్ఞప్తి పంపుదము. రాజ్యాంగపు 350బి అధికరణము క్రింద 1957లో ఏర్పడిన భాషాల్పసంఖ్యాకుల కమిషనరు పదవి ఇట్టి విన్నపముల కొఱకే కదా! మన సంఘము పాఠశాలల కిచ్చు బహుమతులును అధిక సంఖ్య గల బడికని కాక, పిల్లల చదువును, వ్రాతను స్వయముగ చూచి యిచ్చునవి కావలెను.

మనము సంఖ్యలో తక్కువవారము. తక్కువవారికి మాటయే బలము. మన లెక్కను ఎవ్వరు ఎప్పుడు సరిచూచినను సరిపోవునన్న పేరు సంపాదించుకొన్ననాడు, మన తొమ్మిది ఒరుల పదికంటె బరువు తూగును.