అమ్మ చెప్పిన సెకను

(పరిశోధక విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మా ఇంట్లో నాన్న ఫొటో ఒక్కటే ఉంది. ఆయన పోయాక ఓటరు కార్డులోది పెద్దది చేయించి ఫ్రేము కట్టించాం. ఆయన నడక, గొంతు ఎక్కడా లేవు. అందుకే నిరుడు జనవరి 1 నుంచి రోజుకో సెకను వీడియో తీస్తున్నాను.

ఈ ఆలోచన నాది కాదు. అమెరికాలో సీజర్ కురియామా అనే ఆయన 30 ఏళ్ల వయసులో ప్రకటనల రంగంలో ఉద్యోగం మానేసి మొదలుపెట్టాడు. 2013లో దానికో యాప్ కూడా తెచ్చాడు. రోజుకో సెకను చొప్పున ఏడాదికి 6 నిమిషాల 5 సెకన్లు. పదేళ్లకు గంట సినిమా.

డిసెంబరు ఆఖర్న నా 6 నిమిషాలు చూసుకున్నాను. లైబ్రరీ, టీ కొట్టు, సెమినార్ హాలు, స్నేహితులు. సంక్రాంతికి, వేసవికి కలిపి 40 రోజులు ఊళ్లో ఉన్నాను. ఆ 40 సెకన్లలో చెరువుంది, చింతచెట్టుంది, ఆకాశముంది. మా రేకుల ఇల్లు లేదు. అమ్మ మిరపకాయలు కోయడానికి వెళ్తూ పట్టుకెళ్లే సద్ది డబ్బా లేదు. నన్నెవరూ ఆపలేదు. సిగ్గుతో నేనే ఫోను పక్కకు తిప్పాను. కులం మీద థీసిస్ రాస్తున్నవాణ్ణి!

తప్పు దిద్దుకుందామని ఈ సంక్రాంతికి ఇంకో తప్పు చేశాను. అమ్మ కూలి నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే చెప్పకుండా తీశాను. "అలిసిపోయిన ముఖమే దొరికిందేంట్రా నీకు? ఆగు, చీర మార్చుకొస్తా" అని కసిరింది.

'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో అంబేడ్కర్ రాసిన 1901 నాటి ప్రయాణం మీకు తెలుసు. తండ్రి దగ్గరికి బయల్దేరిన పిల్లలను మసూర్ స్టేషన్లో కులం తెలిశాక బండివాళ్లు ఎక్కించుకోలేదు. రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకున్నారు. తిండి ఉన్నా తాగడానికి నీళ్లు దొరక్క ఆకలితోనే పడుకున్నారు. మనం ఇక్కడి నుంచే చెప్పుకుంటాం. ఆయన మాత్రం కొత్త చొక్కాలు, తళుకుల టోపీలు, పట్టంచు ధోవతులు, ప్రయాణపు సంబరం ముందు రాశాడు. ఆ సంబరం చదివాకే ఆ దాహం ఎంతటిదో తెలుస్తుంది.

మనవాళ్లు వీడియోల్లో కనబడేది ఎక్కువగా దాడి జరిగాకే. ఆ సాక్ష్యాలూ కావాలి. కానీ మామూలు రోజులను ఎవరు దాస్తారు?

ఇప్పుడు ఊళ్లో తీసే సెకను ఏదో అమ్మే చెబుతుంది. మొన్న కూలికి వెళ్లే ఆటోలో తోటి ఆడవాళ్లతో పగలబడి నవ్వుతూ, "ఇది తియ్యి" అంది. కొన్ని రోజులు వద్దంటుంది. ఆ రోజు నల్ల తెర పెడతాను. అది కూడా రికార్డే.

సెలవులకు ఇంటికెళ్లినప్పుడు మీ ఫోను ఎటు తిరుగుతోందో ఒకసారి చూసుకోండి. జై భీమ్.