జావా నేర్చువారి తొలి తప్పులు



నెల్లూరిసీమ సముద్రతీరపు పల్లెలనుండి ఏటేట ఇంజనీరింగు కాలేజీలకు పోవు బాలబాలికలు పెక్కురు కలరు. కాలేజీలో చేరిన యొకటి రెండు సంవత్సరములలోనే జావా యను కంప్యూటరు భాష వారికి ఎదురగుచున్నది. తెలుగు పండితునకు జావాతో నేమి పని యని మీరడుగవచ్చును. ముప్పది యేండ్లకు పైగా పిల్లల వ్రాతలలోని తప్పులు దిద్దుటయే నా వృత్తి. ఉద్యోగము విడిచిన పిమ్మట మా వీధి విద్యార్థులు తమ ప్రోగ్రాములను తెచ్చి మా అరుగుమీద కూర్చుండి తలలు పట్టుకొనుచుండగా, వారితో కూడ నేనును ఆ భాషను కొంత నేర్చితిని. అందలి తప్పుల జాతులు నాకు క్రొత్తవిగా తోపలేదు. వానిని గూర్చియే నేడు మనవిచేసెదను.

జావా భాషను అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్సు అను సంస్థ 1995వ సంవత్సరమున లోకమునకు వెల్లడించినది. జేమ్సు గాస్లింగు దాని ముఖ్యనిర్మాత. 2010లో ఆ సంస్థ ఓరకిల్ వారి వశమైనది. మనము వ్రాసినదానిని యంత్రమునకు తెలియు రూపమునకు మార్చుటకు ముందు కంపైలరు అను పరీక్షకుడు ఒకడున్నాడు. వాడు వ్రాతనంతయు చదివి, వ్యాకరణము కుదరనిచో ముందుకు పోనీయడు. సంస్కృతమే కంప్యూటరునకు తగిన భాషయని కొందరు మిత్రులు సభలలో చెప్పుచుందురు. ఆ వాదము సంగతి యెట్లున్నను, సెమికోలను మరచిన విద్యార్థికి పాణిని వచ్చి సాయపడడు.

నేను చూచినంతలో మొదటి తప్పు ప్రోగ్రామునందు లేదు, అది చదువరియందున్నది. తెరమీద ఎఱ్ఱని అక్షరములు కనబడగానే మన పిల్లలు వానిని చదువరు. ఇంగ్లీషు గదా యను భయము కొంత, యంత్రము తమను తిట్టినదను సిగ్గు కొంత. మా ప్రాంతమున జాలరి కుటుంబములో బుట్టిన యొక బాలుడు నలువది పంక్తుల ప్రోగ్రాము వ్రాసి నడుపబోగా పదునాలుగు తప్పులున్నవని తెరమీద వచ్చినది. ఈ చదువు నా తలకెక్కదని పెట్టె సర్దుకొని యింటికి వచ్చినాడు. తండ్రి అప్పుచేసి ఫీజు కట్టియుండెను. అరుగుమీద కూర్చుండబెట్టి చదివింపగా తేలినదేమనగా, నడుమనెక్కడనో మూసివేత బ్రాకెట్టు ఒకటి అధికముగా పడినది. దానితో తరగతి మధ్యలోనే ముగిసి, తరువాతి పంక్తులన్నియు దిక్కులేనివైనవి. ఆ యొక్క గుర్తు తీసివేయగానే పదునాలుగు తప్పులును మాయమైనవి. బాలుడు మరునాటి బస్సుకే తిరిగి కాలేజీకి పోయినాడు.

కావున ఎన్ని తప్పులు చూపినను మొట్టమొదటి దానినే చదువుడు. దానిని దిద్ది మరల కంపైలు చేయుడు. తక్కినవానిలో పెక్కు దాని సంతానమే యగును. యంత్రము వాడు ఇంగ్లీషు గూడ కొండంత కాదు. పది పండ్రెండు మాటలు తెలిసిన చాలును. ‘ఎక్స్‌పెక్టెడ్’ అనగా ఇచట ఫలానా గుర్తు ఉండవలసినదని భావము. సెమికోలను లోపించినచో సాధారణముగా ఆ పంక్తినే చూపును. మూసివేత బ్రాకెట్టు లోపించినప్పుడు మాత్రము ఫైలు కట్టకడపటి పంక్తిని చూపి ‘రీచ్డ్ ఎండ్ ఆఫ్ ఫైల్’ అనును. గ్రంథము ముగిసినది గాని వాక్యము ముగియలేదని దాని మొర. కడపటి పంక్తిలో తప్పును వెదకినచో దొరకదు. తెరచిన బ్రాకెట్టులకు మూసినవాని జతకూర్చి పైనుండి లెక్కించుకొని రావలెను.

‘కెనాట్ ఫైండ్ సింబల్’ అను మాట మన పిల్లలకు మిక్కిలి పరిచితము. ఈ పేరు గలవారెవ్వరును ఇచట లేరని దాని యర్థము. నూటికి తొంబది పాళ్లు ఇది అక్షరముల పొరపాటే. తెలుగు లిపిలో పెద్ద అక్షరములు, చిన్న అక్షరములు అను భేదము లేదు గనుక ‘స్ట్రింగ్’ అను మాటను చిన్న యస్ తో వ్రాసిననేమి, పెద్ద యస్ తో వ్రాసిననేమి యని మనవారికి తోచును. జావాకు అవి రెండు వేరు పేర్లు. మనకు ‘పలక’ వేరు, ‘పాలక’ వేరు గదా! దీర్ఘమును మరచిన బాలుని మనము మన్నింపము. అట్లే అదియు మన్నింపదు. పబ్లిక్ అని ప్రకటించిన తరగతి పేరును, ఫైలు పేరును ఒక్కటిగా నుండవలెనను నియమము గూడ ఈ సందర్భముననే గుర్తుంచుకొనదగినది.

ఇంతవరకు చెప్పినవి యంత్రమే పట్టియిచ్చు తప్పులు. పద్యమున యతి తప్పినచో చెవికే తెలియును, అటువంటివి ఇవి. గణములు కుదిరి, యతిప్రాసలు కుదిరి, అర్థము మాత్రము విపరీతమైన పద్యము ప్రమాదకరము. జావాలోను అంతే. ఏ తప్పును చూపక, నిశ్శబ్దముగా తప్పుడు లెక్క చెప్పు ప్రోగ్రామునకు భయపడవలెను.

మన తీరమున రొయ్యల చెఱువులవారందరికి తెలిసిన యుదాహరణము చెప్పెదను. కిలోకు ఎన్ని రొయ్యలు తూగునో దానిని కౌంటు అందురు. కౌంటు తగ్గినకొలది రొయ్య పెద్దది, ధర హెచ్చు. 7 కిలోలకు 250 రొయ్యలు తూగినవనుకొందము. కౌంటు 35.71 కావలెను. ఒక విద్యార్థిని దీనికి ప్రోగ్రాము వ్రాసి, 250ని 7చే భాగించి, ఫలమును డబుల్ అను దశాంశపాత్రలోనే పోసినది. అయినను వచ్చినది 35.0. దశాంశపాత్ర పెట్టితిని గదా, భిన్నము ఏమైనదని యామె ప్రశ్న. రెండు పూర్ణసంఖ్యలను భాగించునప్పుడు జావా భిన్నమును అచటనే పారవేయును. ఆ పిమ్మటనే ఫలము పాత్రలో పడును. పారవేసినది పాత్ర పెద్దదైనంత మాత్రమున తిరిగి రాదు. 7ను 7.0 అని వ్రాసినచో లెక్క సరిపడును. ఈ యొక్క చుక్కమీద కొనువాని సొమ్మో అమ్మువాని సొమ్మో పోవును.

దీనికి తోబుట్టువైన తప్పు మరియొకటి. ఇంట్ అను పాత్రలో పట్టు గరిష్ఠసంఖ్య 2,147,483,647. అది దాటినచో యంత్రము పొంగినదని చెప్పదు. తిరిగి రుణసంఖ్యలనుండి మొదలిడును. లక్షను లక్షచే గుణించి చూడుడు. వేయి కోట్లు రావలసినచోట 141 కోట్ల 65 వేల 408 అని నిబ్బరముగా చెప్పును. ఫలమును లాంగ్ అను పెద్దపాత్రలో పోసినను ఇంతియే. గుణింపబడు సంఖ్యలలో నొకటియైనను ముందే లాంగ్ కావలెను. ఈ తప్పు బాలురకే పరిమితము కాదు. జావాతో కూడ వచ్చు గ్రంథాలయములో క్రమపరచిన వరుసను సగము సగముగా విభజించి వెదకు భాగము కలదు. దానిని వ్రాసిన జోషువా బ్లాక్ అను మహానిపుణుడు, రెండు స్థానములను కూడి సగము చేయుచోట ఈ పొంగుదోషము సుమారు 9 సంవత్సరములు దాగియుండెనని 2006లో తానే లోకమునకు తెలిపినాడు.

సంఖ్య పాత్రలో పట్టకపోవుట యెంత అనర్థమో శ్రీహరికోటనుండి లేచు రాకెట్లను తీరమున నిలిచి చూచు మన పిల్లలకు చెప్పినచో త్వరగా తెలియును. 1996 జూన్ 4వ తేదీన దక్షిణ అమెరికాలోని కురూ నుండి ఐరోపావారి ఏరియన్ 5 రాకెట్టు తొలిసారిగా లేచి, సుమారు 40 సెకండ్లకే చెదరిపోయెను. 64 బిట్ల దశాంశసంఖ్యను 16 బిట్ల పూర్ణసంఖ్యగా మార్చుచోట అది పట్టలేదు. ఆ భాగము పూర్వపు ఏరియన్ 4 నుండి తెచ్చుకొన్నది. ఆ భాష జావా కాదు, అడా. జావాలో డబుల్‌ను ఇంట్‌లో పోయబోయినచో కంపైలరు ‘పాసిబుల్ లాసీ కన్వర్షన్’ అని అడ్డుపడును. అనగా కొంత జారిపోవచ్చును జాగ్రత్తయని. మన విద్యార్థులు దాని నోరు మూయించుటకు ముందు బ్రాకెట్టులో ఇంట్ అని చేర్చి సంతోషింతురు. ఎందుకు అడ్డుపడినదో ఆలోచించినవారు అరుదు.

ఇక మాటలను పోల్చుట. విద్యార్థులు మిక్కిలి తికమకపడునది ఇచటనే. రెండు పదములు సమానమా యని తెలిసికొనుటకు వారు జంట సమానచిహ్నమును, అనగా == ను, వాడుదురు. తిక్కన భారతమునకు రెండు తాటియాకు ప్రతులున్నవనుకొనుడు. వానిలో పాఠము అక్షరాల ఒక్కటే. ఇవి ఒక్కటియా యని అడిగినచో ఏమని చెప్పుదుము? పాఠము ఒక్కటి, కట్టలు రెండు. జంట సమానచిహ్నము కట్టలను గూర్చి అడుగును. ‘ఈక్వల్స్’ అను పిలుపు పాఠమును గూర్చి అడుగును. మనకు కావలసినది పాఠము. ఇందు మోసమేమనగా, ప్రోగ్రాములోనే రెండుచోట్ల ‘నెల్లూరు’ అని వ్రాసి పోల్చినచో జావా ఆ రెంటికిని ఒకే కట్టను వాడుకొనును గనుక జంట సమానచిహ్నము గూడ ఔననును. విద్యార్థి పరీక్షించి తృప్తిపడును. పిమ్మట ఎవరైన కీబోర్డుమీద ‘నెల్లూరు’ అని కొట్టినప్పుడు అది క్రొత్త కట్ట యగును, కాదనును. నిన్న ఔనన్నది నేడు కాదనుచున్నదే, యంత్రము చెడినదా యని వచ్చి యడిగినవారు నాకు ముగ్గురు నలుగురు కలరు. యంత్రము చెడలేదు.

నడుచుచు నడుచుచు కూలిపోవు ప్రోగ్రాములు మరియొక తెగ. అందు ప్రసిద్ధమైనది నల్ పాయింటర్ ఎక్సెప్షన్. నల్ అనగా పేరున్నది, పేరుగల వస్తువు లేదు. తర్కశాస్త్రమున కుందేటికొమ్ము అందురే, అట్టిది. కుందేటికొమ్ము పొడవెంత యని అడిగినచో ప్రోగ్రాము అచటనే కూలును. ఈ నల్‌ను 1965లో కల్పించిన టోనీ హోర్ 2009లో దానిని తన బిలియను డాలర్ల పొరపాటని చెప్పుకొనెను. 2020లో వెలువడిన 15వ కూర్పునుండి ఏ పేరు శూన్యమైనదో జావాయే మామూలుగా చెప్పుచున్నది, చదువుటయే తరువాయి. కూలినప్పుడు తెరమీద పొడవైన జాబితా వచ్చును. అందులో మీరు వ్రాయని గ్రంథాలయపు పేర్లు పెక్కు కనబడును. వానిని దాటి పైనుండి క్రిందికి వచ్చుచు మీ ఫైలు పేరు మొదట ఎచట కనబడునో, దాని ప్రక్కనున్న సంఖ్యగల పంక్తికి పొండు.

వరుసల లెక్క ఒక్కమాటలో చెప్పెదను. ఒడ్డున 5 పడవలున్నవి. జావా లెక్కలో మొదటి పడవ స్థానము 0, కడపటిదాని స్థానము 4. మొదటి పడవనుండి ఎన్ని పడవలు దాటవలెనో అదియే స్థానము. లూపులో ‘తక్కువ’ యను గుర్తు పెట్టవలసినచోట ‘తక్కువ లేక సమానము’ అను గుర్తు పెట్టినచో ఆరవ పడవను ఎక్కబోయి నీటపడుదురు.

నేడు తప్పు చూపగనే దిద్దియిచ్చు కృత్రిమమేధ యంత్రములు సెల్‌ఫోనులోనే యున్నవి. వానిని నిషేధింపవలెనని నేననను. కాని తప్పు సందేశమును తామొకసారి గట్టిగా చదివి, ఒక కాగితముమీద ఏ పంక్తికి ఏ పేరులో ఏ విలువ యున్నదో వరుసగా వ్రాసికొని చూచిన పిమ్మటనే వానిని అడుగుడని మా అరుగుమీది నియమము. వ్రాయుచుండగానే సగముమందికి తప్పు కనబడుచున్నది.

అంకెను, ఆ తరువాత పేరును అడుగు ప్రోగ్రాములలో పేరు అడుగకయే దాటిపోవుచున్నదని పెక్కురు చెప్పుదురు. నెక్స్ట్ ఇంట్ అను పిలుపు అంకెను మాత్రమే తీసికొని, ఎంటరు మీట నొక్కిన గుర్తును వెనుక విడిచిపోవును. తరువాతి నెక్స్ట్ లైన్ దానినే ఖాళీ పంక్తిగా తీసికొనును. నడుమ మరియొక నెక్స్ట్ లైన్ ఉంచినచో సరిపోవును. ఫోనులోనుండియు పుస్తకపు ఫైళ్లనుండియు వ్రాత నెత్తి అంటించుకొనువారికి ‘ఇల్లీగల్ క్యారెక్టర్’ అని వచ్చుచుండును. అచ్చులోని వంకర కొటేషను గుర్తులను జావా ఎరుగదు. వానిని చెరిపి కీబోర్డుమీది నిలువు గుర్తులను మరల కొట్టవలెను. నాకిచ్చిన సమయము కావచ్చినది.