శాంతిసేనలు: తాటస్థ్యము, మాధ్యస్థ్యము



భారతయుద్ధము సమీపించినపుడు బలరాముడు ఏ పక్షమునను చేరక సరస్వతీతీరమున తీర్థయాత్రకు వెడలెను. ఆయన తటస్థుడు, గట్టున నిలిచినవాడు. శ్రీకృష్ణుడు, పాండవుల రాయబారియే యైనను, సంధి కోరి ఇరువురి నడుమకు వచ్చెను. ఆయనను బంధింపనే చూచిరి. నడుమకు వచ్చువాని కష్ట మట్టిది. ఐక్యరాజ్యసమితి పంపు శాంతిసేన గట్టున నిలువవలెనా, నడుమ నిలువవలెనా?

కాంగో దేశము 1960 జూన్ 30న బెల్జియమునుండి స్వాతంత్ర్యము బడసెను. వారము తిరుగకమునుపే సైనికులు తిరుగబడిరి. జూలై 11న గనుల సంపదగల కటంగా రాష్ట్రము వేరుపడితినని ప్రకటించుకొనెను. 14న భద్రతాసమితి తీర్మానింపగా శాంతిసేన పోయెను; క్రమముగా దాని సంఖ్య 20,000కు సమీపించెను. ఆత్మరక్షణకు దప్ప ఆయుధ మెత్తరాదు, అంతఃకలహములలో పక్షము వహింపరాదు అని దానికి నియమము.

నియమము మంచిదే. కాని పదవీచ్యుతుడైన ప్రధాని లుముంబా, సమితిసేన కాపలాయున్న యింటిని విడిచి పోవుచు దారిలో పట్టుబడెను; 1961 జనవరి 17న కటంగాలో వధింపబడెను. సేన ఆ దేశముననే యుండెను. గట్టున నిలిచినవాని పాదములు తడియవు. కొట్టుకొనిపోవువాడు మాత్రము దక్కడు.

ఫిబ్రవరి 21న, అంతర్యుద్ధమును నివారించుటకు తుదియుపాయముగా బలము నుపయోగింపవచ్చునని భద్రతాసమితి తీర్మానించెను. సామము విఫలమైనచో దండము శాస్త్రసమ్మతమే. దానికి వెలయు కలదు. సెప్టెంబరులో కటంగాలో పోరు చెలరేగగా, కాల్పుల విరమణకై పోవుచున్న ప్రధానకార్యదర్శి హామర్‌షీల్డు 18వ తేదీన ఎండోలా సమీపమున విమానము కూలి మరణించెను. డిసెంబరు 5న ఎలిజబెత్‌విల్‌లో, దారి కడ్డుకట్టినవారిని తొలగించుచు మన కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా అసువులు బాసెను. మరణానంతరము పరమవీరచక్ర మొసగబడెను. 1963 జనవరిలో కటంగా వేర్పాటు ముగిసెను. 1964 జూన్‌లో సేన మరలెను. సుమారు 250 మంది సమితివారు ప్రాణము లర్పించిరి.

ఇంత వ్యయమునకు లాభమేమని యడుగవచ్చును. దేశము ముక్కలు గాలేదు, అది జమ. శాంతి స్థిరపడలేదు, 1999లో సమితిసేన మరల పోవలసివచ్చెను, అది ఖర్చు. రెండును వ్రాయనిది లెక్క కాదు.

నేను హద్దురాళ్ల నడుమ జీవితము గడపినవాడను. హద్దురాతికి పక్షపాతము లేదు. కాని దానిని పెరుకువానిని చూచి ఊరు మాటాడకున్న రాయి నిలువదు. శాంతిసేనయు నట్టిదే. అది రెండు పక్షములకు సమానముగా నుండవలెను; న్యాయాన్యాయములకు సమానముగా నుండరాదు. దాని వెనుక లోకము నిలిచినపుడే అది నడుమ నిలువగలదు.

ఆ లోకములో మనమును ఉన్నాము. కావున ఈ గ్రంథాలయమున మహాభారతమును, నేటి వార్తాపత్రికను ఒకే బల్లపై నుంచి చదువుకొందము గాక.