నల్సారు న్యాయవిద్యాలయమును మన విద్యానిధియు



పిల్లలను వైద్యులుగను ఇంజనీర్లుగను జేయవలెనని మనకు గల యుత్సాహము న్యాయవిద్యయెడల లేదు. మరెచ్చటను సీటు దొరకనివాడే ప్లీడరు చదువునకు బోవునను మాట మన యిండ్లలో నింకను వినబడుచున్నది. పొలముగట్టు తగవు లేని యిల్లు మాత్రము మనలో నరుదు. దస్తావేజు చదివి యర్థము చెప్పువానికై పరుల గుమ్మములు ద్రొక్కుచున్నాము.

న్యాయవిద్యకు గౌరవము దెచ్చుటకై కర్ణాటక ప్రభుత్వము 1986లో చట్టము చేసి బెంగుళూరున నేషనల్ లా స్కూలును నెలకొల్పెను. 1988లో నచట పాఠములు మొదలయ్యెను. ఆచార్య మాధవ మేనోనుగారు దాని తొలి సంచాలకులు. ఇంటర్మీడియెటు ముగిసినంతనే చేరి, గురుకులవాసులవలె నైదేండ్లచటనే యుండి, చరిత్ర, అర్థశాస్త్రము మున్నగువానితో గూడ న్యాయశాస్త్రము నభ్యసించుట యచటి పద్ధతి. ఆ మార్గముననే నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1998లో శాసనసభ చట్టముచే నల్సారు విశ్వవిద్యాలయ మేర్పడెను. ఆచార్య రణబీర్ సింగుగారు తొలి ఉపకులపతులు. అది హైదరాబాదు చేరువ శామీర్‌పేటయం దున్నది; రాష్ట్రోన్నత న్యాయస్థాన ప్రధాన న్యాయమూర్తియే కులపతి. విద్యార్థులు కల్పిత వ్యాజ్యములలో వాదిప్రతివాదుల పక్షము వహించి వాదించుట యక్కడి శిక్షణలో నొక ముఖ్యభాగము. దీనిని మూట్ కోర్టందురు. మన పూర్వుల శాస్త్రచర్చలలోని పూర్వపక్ష సిద్ధాంతములు నాకు జ్ఞప్తికి వచ్చుచుండును.

ఇక ద్వారముమాట. 2008 మొదలు క్లాటను ఉమ్మడి పరీక్షచే ప్రవేశము లభించుచున్నది. ఇప్పుడు రెండు గంటలలో 120 ప్రశ్నలకు సమాధానము లీయవలెను. తప్పొక్కింటికి పావు మార్కు కోత. ప్రశ్నలన్నియు నాంగ్లముననే. దీర్ఘమైన గద్యభాగమును వేగముగ జదివి యన్వయించుకొను శక్తియే ప్రధానము. తెలుగున జదివిన పల్లెటూరి బాలిక యెంత చురుకైనదైనను గుమ్మముకడనే నిలిచిపోవుచున్నది. ప్రజల భూమిపై, ప్రజల చట్టముచే వెలసిన విద్యాలయమున నిది తగునా? పదుమూడవ శతాబ్దముననే మూలఘటిక కేతన మితాక్షర ననుసరించి విజ్ఞానేశ్వరీయమును దెలుగున రచించెను. న్యాయశాస్త్రము మన భాషలో నిముడదనువారి కిది చాలును. అయిన నా వాదము తెగువరకు మన పిల్లలు కూర్చుండరాదు.

జీతమా, ఏటేట లక్షలలో నున్నది. దానికి బ్యాంకు ఋణము లున్నవి. సీటు వచ్చినవారికి మన నిధియు గొంత తోడు కావచ్చును. అంతకు ముందు కావలసిన సాయమే యెవ్వరును జేయుట లేదు. కావున నా మనవి యిది: పట్టా పుచ్చుకొన్నవారికి శాలువలు గప్పు వ్యయమును దగ్గించి, పదవ తరగతి ముగించిన పదిమంది బాలబాలికల నెన్నుకొని, రెండేండ్లు ఆదివారముల నాంగ్లపఠనము జేయింపుడు. మన విద్యార్థివసతిగృహమున నొక గది చాలును. వ్యాకరణము నేను చెప్పెదను. తీర్పులు, వార్తాపత్రికలు చదివించుటకు మనలోని ప్లీడరుల నొక్కరిని ఈ సభయందే కోరుచున్నాను.