పాత మోటారుబండి – దాని సంఖ్యలు



సంతలో ఎద్దును కొనువారు పండ్లు చూచి వయస్సు నెఱుంగుదురు. అమ్మువాని మాటను మాత్రమే నమ్మరు. పాత మోటారుబండికిని అట్టి పండ్లు కలవు. అవి దానిపై కొట్టిన సంఖ్యలు. ఇంజనును గేరుపెట్టెయు ఆ బండితోడనే వచ్చినవో, వేఱొకదాని నుండి తెచ్చి కూర్చినవో వానివలన తెలియును. వానిని చదువు విధమును నేడు మనవి చేసెదను.

ఈ పరీక్ష అమెరికాలో పాతకార్లను సేకరించువారిలో మిక్కిలి ప్రసిద్ధము. అచ్చట తొలి ఇంజనుగల కారునకు వెల హెచ్చు. 1969 నాటి షెవ్రొలే కమారోను ఉదాహరణముగా తీసికొందము. దాని సంఖ్యకు 13 స్థానములు. అది ముందరి అద్దముగుండ వెలుపలికి కనబడును. అందు మొదటిదగు 1 షెవ్రొలే శాఖను, ఆఱవదగు 9 సంవత్సరమును, ఏడవదగు అక్షరము కర్మాగారమును, కడపటి ఆఱంకెలు బండి వరుసను తెలుపును. ఎన్ అన ఓహాయోలోని నార్‌వుడ్. ఎల్ అన కాలిఫోర్నియాలోని వాన్ నైస్. ఈ తొమ్మిది గుర్తులనే ఇంజను దిమ్మపైనను గేరుపెట్టెపైనను కొట్టిరి. మూడుచోట్లను కలిసినచో మొదటి సాక్ష్యము దొరకినట్లే.

అంతటితో తృప్తి పడరాదు. లాభాపేక్షచే పాతసంఖ్యను అరగదీసి క్రొత్తది కొట్టువారు కలరు. కావున రెండు ప్రశ్నలు వేయవలెను. కర్మాగారపు యంత్రము చెక్కిన సన్నని గీతలు ఆ చోట నిలిచియున్నవా? దిమ్మను పోతపోసిన తేదీ, కారు తయారైన తేదీకి ముందుదా? తరువాతిదైనచో, సంఖ్య యెంత చక్కగా కలిసినను ఆ ఇంజను దానిది కాదు. బిడ్డకంటె చిన్నదియగు తల్లి యుండునా?

మనదేశమున పద్ధతి కొంత వేఱు. ఇచ్చట చాసిస్‌నకు ఒక సంఖ్య, ఇంజనునకు మఱియొక సంఖ్య. రెంటిని ముడివేయునది రిజిస్ట్రేషను పత్రము. గేరుపెట్టె సంఖ్య అందుండదు. పాత ట్రాక్టరు కొనునపుడు, బయానా ఇచ్చుటకు ముందే, మడ్డిని తుడిచి, ఆ రెండు సంఖ్యలను పత్రముతో ఒక్కొక్క అక్షరముగా సరిచూడుడు.

ఇంజను మార్చుటయే మోసము కాదు. అరిగినదానిని మార్చుట లోకసహజము. కాని ఆ మార్పు పత్రమున కెక్కవలెను. సంఖ్య చెఱిపినట్లు తోచిన బండిని ఎంత చౌకయైనను కొనవలదు. అది దొంగసొత్తైనచో బండియు పోవును, సొమ్మును పోవును, పరువును పోవును.