సందేశములో తెలుగు



1992 డిసెంబరు 3వ తేదీన ఇంగ్లండులో తొలి ఎస్సెమ్మెస్సు క్రిస్మసు శుభాకాంక్షగా చేతిఫోనునకు చేరెను. నాడది పలుకరింపు, నేడది వర్తకము. మిత్రుల ముచ్చటలు వాట్సాపునకు తరలినవి. బ్యాంకులును, దుకాణములును, ప్రభుత్వశాఖలును దీనిని విడువలేదు. ఇంటర్నెట్టు లేని చిన్న ఫోనునకును చేరును గనుక దీనికి భవిష్యత్తు గలదు.

అందు తెలుగునకు చోటెంత? ఆంగ్ల సందేశమున 160 అక్షరములు పట్టును; తెలుగున వ్రాసినచో 70 సంకేతములే. 'స్త్రీ' యను ఒక్క అక్షరమే ఆరు సంకేతములు! హద్దు దాటిన సందేశమునకు రెండింటి వెల. కావున వర్తకుడు ఆంగ్లముననే పంపును. తన ఖాతాలోని సొమ్ము కదలిన వార్తను రైతు పరులచే చదివించుకొనును. అట్లే రహస్యసంఖ్యయు పరుల కంటబడును.

దీనికి మందు లేకపోలేదు. తెలుగునకు ప్రత్యేకమగు అక్షరపట్టిక అంతర్జాతీయ ప్రమాణములందు ఇదివరకే చేరియున్నది. దానిచే ఇంచుమించు రెట్టింపు పట్టును. కంపెనీలు దానిని వాడుకలోనికి తేవలెను. అందాక తెలుగు సందేశము ఎంత పొడవైనను ఒక్కదాని వెలయే కట్టవలెనని మా కోరిక. మీరును బ్యాంకునకు పోయినపుడెల్ల తెలుగు సందేశమునే అడుగుడు. అడుగువారు లేనిచో ఇచ్చువారు ఉండరు.